ఎవరి బిళ్ళ వాళ్ళే

2, మంగళవారం

చెల్లెలి పోరు పడలేక ఒప్పుకున్నాను. కొండ మీది పార్కులో వాలంటీరు పని, వారానికి ఐదు రోజులు. జీతం లేదు. ఆకుపచ్చ చొక్కా ఒకటి ఇచ్చారు, అందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. మా ఆవిడ పోయి ఏడాదయింది కాబట్టి నేనిక మనుషుల్లో పడాలట. "ఇంట్లో కూచుని ఆ డబ్బాలు ఎన్నిసార్లు సర్దుతావు అన్నయ్యా?" అంది. నా డబ్బాలు, నా ఇష్టం అన్నాను. అయినా వెళ్ళాను.

నాకు నచ్చింది ఒక్కటే, గేటు గదిలో ఉన్న బోర్డు. గోడకి పెద్ద చెక్క, దానికి నలభై కొక్కేలు, కొక్కేనికో తాడు కట్టిన ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద అంకె. కొండెక్కే ప్రతి మనిషీ పుస్తకంలో పేరు రాసి ఒక బిళ్ళ తీసుకుంటాడు, దిగాక తెచ్చి తగిలిస్తాడు. కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా పైనే ఉన్నట్టు. సాయంత్రం ఐదున్నరకి బోర్డు నిండితేనే గేటుకి తాళం. నిండకపోతే లైట్లు పట్టుకుని వెతకడానికి బయల్దేరతారు.

ఫ్యాక్టరీ టూల్ రూములో ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను చేసిన పనీ దాదాపు ఇదే. గోడ మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం గీసి ఉండేది. స్పానరు ఎక్కడ దొరికినా తెచ్చి దాని చోట తగిలించడం, గోడ నిండాక ఇంటికి రావడం. ఆ మాట గేటతనితో అంటే నవ్వాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, అరగంటలో నన్ను బాబాయ్‌ని చేసేశాడు.

"ఇక్కడ ఒకటే రూలు బాబాయ్. ఎవరి బిళ్ళ వాళ్ళే తగిలించాలి. మొగుడి బిళ్ళ పెళ్ళాం తెచ్చినా నేను తీసుకోను. మొగుణ్ణి తీసుకురా తల్లీ అంటాను."

5, శుక్రవారం

నా పని చెత్త ఏరడం. నాలుగింటికి పైనుంచి బయల్దేరి, దారి పొడుగునా కాగితాలూ సీసాలూ ఏరుకుంటూ, ఎవరైనా మిగిలిపోతే కేకేసుకుంటూ దిగాలి.

ఇవాళ రెండో మలుపులో, నీళ్ళ కుండీ పక్కన బండ మీద ఒక పెద్దావిడ బోర్లా పడి ఉంది. పడిపోయిందనుకుని కేకలు పెట్టుకుంటూ పరిగెత్తాను. ఆవిడ తల కూడా తిప్పలేదు. చేతిలో భూతద్దం.

"అరవకండీ. నాచు బెదురుతుంది."

కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయిందట. వారానికి రెండుసార్లు వచ్చి బండల మీద నాచు చూసి, చిన్న పుస్తకంలో రాసుకుని పోతుంది. అందరూ నాచు మేడం అంటారు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. నేనేం చేసేవాణ్ణని అడిగితే చెప్పాను.

"అయితే స్టోర్‌కీపర్ గారన్నమాట. నన్ను మాత్రం ఎక్కడా సర్దెయ్యకండి," అంది.

నవ్వొచ్చింది. నా నవ్వు నాకే కొత్తగా వినబడింది.

8, సోమవారం

వాన. పార్కు మూత. డబ్బాలు సర్దాను.

10, బుధవారం

నలభై బిళ్ళలూ కిందికి దించి తోమాను. "బంగారమనుకుని ఎత్తుకుపోతారు బాబాయ్!" అన్నాడు గేటతను. తళతళలాడుతుంటే చూడ్డానికి బాగుంది. ఖాళీ కొక్కెం చూస్తే మాత్రం నాకు చెయ్యి ఊరుకోదు. మా ఆవిడ ఉన్నప్పుడు అనేది, "నేను తాగుతుండగానే గ్లాసు లాక్కుని కడిగేస్తారు, ఏం మనిషండీ మీరు" అని. నిజమే, లాక్కునేవాణ్ణి.

13, శనివారం

జనం విరగబడ్డారు. బోర్డు మీద రెండు బిళ్ళలు తప్ప అన్నీ పోయాయి. దిగేటప్పుడు రెండు సంచుల చెత్త. కుండీ గట్టు మీద 17వ నంబరు బిళ్ళ పడి ఉంది. ఎవడో మహానుభావుడు నీళ్ళు తాగి, బిళ్ళ అక్కడే పెట్టి, చేతులూపుకుంటూ దిగిపోయాడు. రేపు ఇంట్లో తాళంచెవి ఎక్కడని పెళ్ళాం మీద అరుస్తాడు.

గేటు దగ్గరికొస్తే గేటతను లేడు. పార్కింగులో ఎవరిదో వ్యాను బురదలో దిగబడితే తోస్తున్నాడు. బోర్డు మీద ఒక్క కొక్కెమే ఖాళీ. 17. తగిలించాను. నలభైకి నలభై. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి బోర్డు చూసి, "అందరూ దిగేశారు బాబాయ్, ఇక మనమూ పోదాం" అని తాళం వేశాడు.

నేను లేకపోతే వీళ్ళు ఆ ఒక్క బిళ్ళ కోసం తెల్లవార్లూ కొండంతా గాలించేవాళ్ళు.

14, ఆదివారం

ఉదయం తొమ్మిదింటికి నాచు మేడం కూతురు వచ్చింది. పక్క వీధిలో ఉంటుందట. అమ్మ నిన్న ఇంటికి రాలేదు, ఫోను ఎత్తడం లేదు. పార్కు రేంజరు పుస్తకం తీశాడు. నిన్నటి పేజీలో ఆవిడ పేరు, పక్కన గేటతని చేతిరాతలో 17. బోర్డు చూశాడు. 17 కొక్కేనికే ఉంది.

"దిగిపోయారమ్మా. ఇదుగో బిళ్ళ. కొండ మీద లేరు. ఊళ్ళో వెతికిద్దాం," అన్నాడు.

నేను అక్కడే, బల్లకి ఈ పక్కన ఉన్నాను. నోరు తెరిచాను. రేంజరు నా వైపు తిరిగి "చెప్పండి" అన్నాడు.

"టీ ఏమైనా తెప్పించమంటారా సార్?" అన్నాను.

పోలీసులు బస్టాండుకీ ఆస్పత్రులకీ వెళ్ళారు. ఆ అమ్మాయీ వాళ్ళతో వెళ్ళింది.

ఆవిడ బిళ్ళ మర్చిపోయి దిగి ఉంటుంది. జనం గోలలో ఎవరు చూశారు? దిగి, ఎవరో చుట్టాలింటికి వెళ్ళి ఉంటుంది. పెద్దవాళ్ళు చెప్పకుండా వెళ్ళడం మామూలే.

మధ్యాహ్నం చెత్త సంచి పట్టుకుని కుండీ దాకా వెళ్ళాను. మేడం గారూ అని పిలిచాను. గట్టిగా పిలవలేదు. గట్టిగా పిలిస్తే ఎందుకు పిలుస్తున్నావని అడిగేవాళ్ళుంటారు. మంచు దిగడం మొదలైంది. వచ్చేశాను.

దిగి ఉంటుంది.

15, సోమవారం

దొరికింది. బతికే ఉంది.

గేటు తీసీ తియ్యగానే వెళ్ళాను. కుండీకి పైన, దారి వదిలి నలభై అడుగులు, రెండు బండల మధ్య సందులో. తుంటి విరిగింది. పెదాలు నల్లగా ఉన్నాయి. నన్ను చూసి ఏదో అంది, మాట రాలేదు. నా పెద్ద చొక్కా విప్పి కప్పాను. ఇవాళ మాత్రం గట్టిగానే అరిచాను. కొండంతా వినబడేలా అరిచాను.

డోలీ కట్టి మోసుకొచ్చారు. కూతురు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "అందరం ఊళ్ళో వెతుకుతుంటే మీకు అక్కడ చూడాలని ఎలా తట్టిందండీ?" అన్నాడు రేంజరు.

"ఊరికే... అనిపించింది."

చెల్లెలు ఫోను చేసింది. "ఎవరిని కదిపినా నీ మాటే అన్నయ్యా. వదిన ఉంటే ఎంత మురిసిపోయేదో!" అంది. ఆవిడ ఉంటే నా మొహం ఒక్కసారి చూసి అన్నం పెట్టడం మానేసేది.

కానీ నేనే కదా వెతికింది. నేను వెళ్ళకపోతే మూడో రాత్రి కూడా అక్కడే. అదీ లెక్కలోకి రావాలి.

17, బుధవారం

ఆవిడకి ఆపరేషన్ అయింది. తెలివి వస్తూ పోతూ ఉందట. బాగవ్వాలి. బాగవ్వాలనే కోరుకుంటున్నాను. మరీ తొందరగా కాకపోయినా ఫర్వాలేదు.

పై వాక్యం నా చేత్తోనే రాశాను. కొట్టెయ్యను, అలాగే ఉండనీ.

18, గురువారం

హెడ్డాఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆవిడ కొండ మీద ఉంటే బిళ్ళ బోర్డు మీదికి ఎలా వచ్చింది? అందర్నీ విడివిడిగా పిలిచాడు.

"బిళ్ళ ఆవిడ చేతికే ఇచ్చాను సార్. తాడు మెళ్ళో వేసుకోమని కూడా చెప్పాను. ఆవిడ నవ్వి, నేనేమన్నా ఒకటో క్లాసా అంది," అంటున్నాడు గేటతను. గోడ అవతల ఉన్న నాకు వినబడింది. మూడుసార్లు అదే మాట, ఒక్క పొల్లు తేడా లేకుండా.

నా వంతు వచ్చింది. "మీరు గేటు దగ్గరికి వచ్చేసరికి బోర్డు ఎలా ఉంది?"

"నిండుగా ఉంది సార్," అన్నాను.

నిండాకే కదా తాళం వేసింది. అబద్ధమేమీ చెప్పలేదు.

19, శుక్రవారం

నేను తెచ్చింది 17 అని ఏమిటి నమ్మకం? ఆ అంకెలు చేత్తో కొట్టినవి, అరిగిపోయాయి. 11 కావచ్చు. 11కీ 17కీ తేడా ఎంత, పైన ఒక గీత. పైగా నాకు కళ్ళజోడు మార్చాల్సిన వయసు. 11 ఎవరో మర్చిపోయారు, నేను తెచ్చి 11లో తగిలించాను. 17 సంగతి నాకేం తెలుసు?

వెనక్కి తిప్పి 13వ తేదీ పేజీ చూశాను. 17 అని ఉంది. రెండుసార్లు. నా రాత ముత్యాల్లా ఉంటుందని ఫ్యాక్టరీలో అందరూ అనేవాళ్ళు.

రెండు చోట్లా సిరాతో దిద్దాను. దిద్దినా కనబడుతూనే ఉంది.

20, శనివారం

మాట వచ్చిందట. రేంజరు ఆస్పత్రికి వెళ్ళొచ్చి చెప్పాడు. కుర్చీ లాక్కుని కూచున్నాను.

నాచు కోసం దారి వదిలి పైకెక్కింది, కాలు జారింది, స్పృహ వచ్చేసరికి చీకటి పడిపోయింది. ఫోను బండల్లో పడి పగిలింది. మర్నాడు సంచీ అంతా తడిమితే బిళ్ళ లేదు. "నేను తీసుకోవడమే మర్చిపోయి ఉంటాను. వయసు అయింది కదా" అందట.

"తేలిపోయింది," అన్నాడు రేంజరు. "పుస్తకంలో నంబరు వేశాడు, బిళ్ళ చేతికివ్వలేదు. అది కొక్కేనికే ఉండిపోయింది."

నాకు ఊపిరి తిరిగింది. దాచడమెందుకు, తిరిగింది. ఇంటికొచ్చి రెండు పూటల తిండి ఒకేసారి తిన్నాను. అప్పుడు గుర్తొచ్చింది గేటతను.

22, సోమవారం

అతణ్ణి తీసేశారు. కొత్త మనిషి వచ్చేదాకా గేటు నన్ను చూడమన్నారు. "బోర్డు మీ అంత శ్రద్ధగా ఎవరూ చూడరండీ," అన్నాడు రేంజరు.

తాళాలు ఇవ్వడానికి అతను ఇవాళ వచ్చాడు. ఏ తాళంచెవి దేనికో ఓపిగ్గా చెప్పాడు. గేటు గడియ ఎత్తి లాగాలి, లేకపోతే పట్టేస్తుంది. వాన పడితే పుస్తకం బల్ల కింద పెట్టాలి. అన్నీ చెప్పి గుమ్మంలో ఆగాడు.

"బాబాయ్, నాకే మతి పోయిందంటావా? ఇచ్చినట్టే గుర్తు. ఆవిడ అన్న మాట కూడా గుర్తుంది. కానీ ఆవిడే తీసుకోలేదంటోంది కదా. చదువుకున్న మనిషి, అబద్ధం ఎందుకు చెప్తుంది? ఇంట్లో మా ఆవిడ కూడా, సరిగ్గా ఆలోచించు, సరిగ్గా ఆలోచించు అంటోంది. ఆలోచిస్తుంటే ఇవ్వలేదేమో అనిపిస్తోంది."

"అందరికీ అవుతుందిలే" అన్నాను. అంతకన్నా పాడు మాట నా జన్మలో అనలేదు.

"అంతే అంటావా," అని వెళ్ళిపోయాడు.

23, మంగళవారం

గేటు. ఇరవై రెండు బిళ్ళలు. నిండింది.

24, బుధవారం

నిండింది.

26, శుక్రవారం

నిండింది. తాళం వేశాక మళ్ళీ తీసి, కుండీ దాకా ఎక్కి, గట్టిగా పిలిచి వచ్చాను. అక్కడ ఎవరూ లేరు, నాకు తెలుసు.

28, ఆదివారం

నాచు మేడంని కూతురింటికి తెచ్చారట, ఒకసారి రమ్మని కబురు. వెళ్ళకపోతే బాగుండదు. వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. దారిలో మాటలు కూడా కూర్చుకున్నాను.

మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. సగానికి సగం అయిపోయింది. గది నిండా చీటీలు అంటించి ఉన్నాయి. మందుల డబ్బా మీద "వేసుకున్నావా?" తలుపు మీద "ఒంటరిగా వెళ్ళొద్దు." కళ్ళజోడు పెట్టె మీద "ఇక్కడే పెట్టు."

"అమ్మకి మతిమరుపు మొదలైందండీ," అంది కూతురు, ఆవిడ ముందే, మెల్లిగా కూడా కాదు. "బిళ్ళ సంగతితో బయటపడింది. ఆ ఇల్లు ఖాళీ చేసేస్తున్నాం. ఇక ఒక్కదాన్ని ఎలా ఉంచుతాం?"

"నాచు పుస్తకాలు కాలేజీకి ఇచ్చేశాను," అంది ఆవిడ. "ఇన్నేళ్ళు రాసినదాంట్లో ఎన్ని సరిగ్గా చూసి రాశానో, ఎన్ని చూశాననుకుని రాశానో. నా మీద నాకే నమ్మకం లేదు స్టోర్‌కీపర్ గారూ."

నేను కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. కూతురు పక్కనే ఉంది. పైగా ఆవిడకి నీరసంగా ఉంది. ఆ స్థితిలో చెప్పడం మంచిది కాదు. పావుగంట కూచుని వచ్చేశాను.

ఆవిడకి నీరసంగా ఉందని రాశాను. నాకు భయం వేసింది, అదీ సంగతి.

29, సోమవారం

ఒకరు కాదు, ఇద్దరు. ఇద్దరూ తమ బుర్ర తామే అనుమానిస్తూ కూచున్నారు, నేనేమో రోజూ నలభై బిళ్ళలు లెక్కపెట్టుకుని ఇంటికొస్తున్నాను.

13వ తేదీ, శనివారం. కుండీ గట్టు మీద నాకు దొరికింది 17వ నంబరు బిళ్ళ. తగిలించింది నేను. పదిహేడు. అక్షరాల్లో రాస్తే దిద్దడం కుదరదు.

30, మంగళవారం

ఉదయమే రేంజరుకి కాగితం ఇచ్చాను. ఆరు వాక్యాలు. ఒకసారి చదివి, తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ చదివాడు.

"ఆదివారం వెతుకుతున్నప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు సార్."

"నేను 'చెప్పండి' అన్నాను మిమ్మల్ని."

"అన్నారు."

కాగితం మీద తేదీ వేసి ముద్ర కొట్టాడు. ఆఫీసరుకి పంపుతాననీ, వాళ్ళు ఏం చేస్తారో తన చేతుల్లో లేదనీ అన్నాడు. చొక్కా అక్కడే వదిలి వెళ్ళమన్నాడు. కింద బనీనుతో ఉన్నాను కాబట్టి ఇంటికెళ్ళి మార్చుకుని తెచ్చిచ్చాను.

నేను తిరిగొచ్చేసరికి గేటతను వచ్చి ఉన్నాడు, రేంజరు పిలిపించాడట. గదిలో బోర్డు ముందు నిలబడ్డాడు. నన్ను చూడగానే ఏదైనా అంటాడనుకున్నాను. తిడితే పడదామని సిద్ధపడే వెళ్ళాను.

"తాళాలు ఇస్తారా సార్?" అన్నాడు.

ఇచ్చాను. పుస్తకం ముందుకు లాక్కుని కూచున్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "గడియ పట్టేస్తోంది, నూనె వేశాను" అన్నాను. "సరే సార్" అన్నాడు. బాబాయ్ అని ఇక పిలవడు.

30, సాయంత్రం

అక్కడినుంచి నేరుగా నాచు మేడం దగ్గరికి వెళ్ళాను. ఇంటికెళితే మళ్ళీ ఏదో ఒక సాకు దొరుకుతుంది. కూతురు వంటగదిలో ఉంది. కుర్చీలో కూచోకుండా, నిలబడే చెప్పాను. మీరు బిళ్ళ తీసుకున్నారు. కుండీ గట్టు మీద పెట్టారు. దాన్ని నేను తెచ్చి తగిలించాను. మీరేమీ మర్చిపోలేదు.

"మళ్ళీ చెప్పండి," అంది.

మళ్ళీ చెప్పాను. ఆవిడ మొహంలోకి రక్తం వచ్చింది. చెయ్యి నుదుటి మీద పెట్టుకుంది.

"చేతులు కడుక్కుంటూ మెళ్ళోంచి తీశాను. తాడు తడుస్తుందని. అవును, తీశాను. గట్టు మీద, ఎడమ వైపు."

"ఎడమ వైపే," అన్నాను.

నవ్వింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "అయితే నాకేం కాలేదు. నా పుస్తకాలు... రేపే మనిషిని పంపి తెప్పించుకోవాలి." చాలాసేపు అలా తనలో తనే ఏదో లెక్క చూసుకుంటూ ఉంది. ఆ లెక్క ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు. కూచోవాలనిపించింది గానీ కూచోలేదు.

"మొదటి రాత్రి నాకు భయం వెయ్యలేదండీ," అంది. "కొక్కెం ఖాళీగా ఉంటుంది, చూస్తారు, వస్తారు అనుకున్నాను. పాటలు కూడా పాడుకున్నాను. ఆదివారం పొద్దున్న సంచీలో బిళ్ళ కనబడలేదు. అయితే నేను పైన ఉన్నట్టు ఎవరికీ తెలియదు, ఇక రారు అనుకున్నాను. ఆ రెండో రాత్రి..." ఆగింది. "ఆ రెండో రాత్రి మీకు తెలుసా, నేను అక్కడ ఉండొచ్చని?"

"తెలుసు."

"మధ్యాహ్నం ఎవరో మేడం గారూ అన్నట్టు వినబడింది. నా భ్రమ అనుకున్నాను. ఓపిక చేసుకుని అరిచేదాన్ని, ఇంకోసారి వినబడి ఉంటే."

"నేనే," అన్నాను. "గట్టిగా పిలవలేదు."

ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. కూతుర్ని పిలిచి, "ఈయన వెళ్తున్నారు. తలుపు వేసిరా," అంది.

కూతురు చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. లోపలి మాటలేవీ ఆమె వినలేదు. "మీరు లేకపోతే మా అమ్మ మాకు దక్కేది కాదు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో," అంది.

గుమ్మంలోనే నిలబడి, మొదటి నుంచీ, ఆమెకి కూడా చెప్పాను.